నా ఉలి, వాడి పెన్ను

ఇనుప మూకుడులో నూనె కాస్త మాడితే చాలు, ఇప్పటికీ నాకు తాండూరులో మా నాయిన లేత్ దుకాణం గుర్తొస్తుంది; ఆ వెంటనే మా చిన్నాయన కొడుకు రమేశ్ గుర్తొచ్చి ఒళ్ళు మండుతుంది.

లేత్ మీద కొయ్యను తిప్పి చెక్కి మంచం కోళ్ళు, చపాతీ కర్రలు, బొంగరాలు తీసే ఆ దుకాణంలో కొన్న ఉలి ఒక్కటీ ఉండేది కాదు. అరిగిపోయిన ఉక్కు ఆకురాయిని బొగ్గుల్లో ఎర్రగా కాల్చి మెత్తబరిచి, సానరాయి మీద మొన తీర్చి, మళ్ళీ కాల్చి కుసుమ నూనెలో ముంచితే నాయిన చేతికి కొత్త ఉలి వచ్చేది. నేను బడికి పోయే రోజుల్లో ఒక దసరా సెలవుల్లో, ఇల్లంతా అనంతగిరి సీతాఫలాల వాసన, అమ్మ దంచే నువ్వుల సత్తు వాసన నిండి, తోటి ఆడపిల్లలంతా తంగేడు పూల కోసం చేల వెంట పోతుంటే, నేను మాత్రం కొలిమి ముందు కూర్చుని, కొయ్య పెన్ను తీయడానికి సన్నటి గుండ్రటి మొనతో ఒక ఉలి తయారుచేశాను. వేళ్ళు బొబ్బలెక్కాయి. చింతచేవతో నా పెన్ను నేనే తీసుకోవాలని ఆశ.

పండుగనాడు పనిముట్ల వరుసలో నా ఉలికీ బొట్టు పెట్టారు. మర్నాడు లేత్ తిరగగానే నాయిన దాన్ని, బంట్వారం నుంచి పండుగకు వచ్చిన రమేశ్ చేతిలో పెట్టాడు.

“నీ జడ చిక్కుకుంటే ఎట్ల బిడ్డా? జర పక్కకు జరుగు.”

“నిప్పుల కాడ కూసున్నప్పుడు గీ జడ లేకుండెనా నాయినా?”

అందరూ నవ్వారు. “నీ బిడ్డకు మస్తు నోరుందన్నా” అన్నాడు చిన్నాయన.

చేవ పొట్టు చుట్టలు చుట్టలుగా రాలుతుంటే వాడు నాలుక బయటపెట్టి, నాయిన చెప్పినట్టల్లా ఉలి పట్టి పెన్ను తీశాడు. వీధంతా తిరిగి ఆ పెన్ను చూపించారు. ఉలి ఎవరు చేశారని ఒక్కరూ అడగలేదు. చేతికి అలవాటైందంటూ వాడు దాన్ని కూడా బంట్వారం పట్టుకుపోయాడు.

ఇప్పుడు వాడు వికారాబాద్‌లో, అడిగినవాళ్ళకు అడిగిన తీరు పెన్నులు తీసి ఫోన్లోనే అమ్ముతున్నాడు. మా దుకాణం ఉన్నచోట బట్టల షోరూం వచ్చింది; ఆకురాయిని ఉలిగా మార్చే కొలిమి ఆ వీధిలో ఎవరికీ లేదు. మొన్న వాడింటికి పోతే గోడకు కొన్న ఉలులు వరుసగా మెరుస్తున్నాయి.

“నా ఉలి ఏదిరా?”

“గదా? ఎప్పుడో అయిపోయిందక్కా. నూరి నూరి గింతయింది. గసొంటిది మళ్ళ దొరకలే.”

నన్ను మెచ్చుకున్నట్టే అనుకొని నవ్వాడు కూడా. నేను నవ్వలేదు. అరిగిపోయేదాకా దాన్ని వాడు వాడుకున్నాడు. నా చేతిలో అది ఒక్క చుట్ట పొట్టు కూడా రాల్చలేదు.