సమాధి రాయి వెనక సారా

రాతి దుమ్ము ఊపిరితిత్తుల్లో పేరుకుని అత్తీలియో పోయేనాటికి అతని భార్య ఎర్సీలియాకు ముప్పై నాలుగేళ్లు, ముగ్గురు ఆడపిల్లలు. అమెరికాలో గ్రానైటు చెక్కే బారె పట్నంలో అలాంటి విధవలు వీధికొకరు. కాలిఫోర్నియా నుంచి రైల్లో వచ్చే ద్రాక్ష కొని, పిండి, మిగిలిన పిప్పితో సారా కాచి వంటింట్లో అమ్మడమే వాళ్ల బతుకుతెరువు. దేశమంతా మద్యం నిషేధించాక అది నేరమైంది. ఎర్సీలియా మానలేదు. మానితే పొయ్యి వెలగదు.

కాచే రోజున వాసన బయటపడకుండా పక్క పొయ్యి మీద క్యాబేజీ ఉడికించేది. సీసాలు దాచడమే కష్టంగా ఉండేది. పోలీసులు సోదాకొచ్చి పక్కింటి తెరేజాను పట్టుకుపోయాక ఇంట్లో ఒక్క సీసా ఉంచాలన్నా ఎర్సీలియాకు భయమేసింది.

అత్తీలియో సమాధికి రాయి చెక్కుతున్న అతని స్నేహితుడు నజ్జరేనో ఒకరోజు వచ్చి, రాతి పీఠం లోపల గుల్లగా తొలిచానని, వెనక పలక జరిపితే చాలని గొంతు తగ్గించి చెప్పాడు.

"చచ్చినవాణ్ణి దొంగసారాకి కాపలా పెడతావా?" అంది ఎర్సీలియా కోపంగా.

"వాడే ఉంటే ఇంకాస్త లోతుగా తొలవమనేవాడు వదినా."

ఆమెకు నవ్వొచ్చింది. ఒప్పుకుంది.

రెండేళ్లు ఏ ఇబ్బందీ లేదు. మూడో ఏడు మే నెలలో, సమాధి దగ్గర ఎర్సీలియా సీసాలు లోపల పెట్టి ముందుకొచ్చి పూలు సర్దుతుంటే, కొత్తగా వచ్చిన నిషేధ శాఖ అధికారి ఎదురుగా నిలబడ్డాడు. వెంట ఊరి కానిస్టేబులు మెక్లౌడ్. వారానికి మూడుసార్లు ఇక్కడేం పనని అధికారి అడిగాడు. మొగుడితో మాట్లాడుకోవడానికి వస్తానంది. అతను పూలకుండీలు తిరగేశాడు, మెక్లౌడ్‌ను వెనక చూడమన్నాడు.

తొందరలో పలక సరిగ్గా మూయలేదని ఆమెకు అప్పుడు గుర్తొచ్చింది.

మెక్లౌడ్ వెనక చాలాసేపు నిలబడ్డాడు. అతని అన్న కూడా అదే దుమ్ముకు పోయాడు, నాలుగు వరసల అవతలే పడుకుని ఉన్నాడు.

"ఉత్త రాయే సార్," అన్నాడు చివరికి. "పోదాం పదండి. ఆమెను ఏడవనివ్వండి."

వాళ్లు గేటు దాటాక ఎర్సీలియా వెనక్కి వెళ్లి చూసింది. పలక గట్టిగా మూసుకుని ఉంది. గడ్డిలో కూలబడి, గుండె కుదుటపడేదాకా ఏడ్చింది.

నిషేధం ఎత్తేశాక ఆమె చిన్న పూటకూళ్ల ఇల్లు పెట్టింది. ముగ్గురు పిల్లల పెళ్లిళ్లూ చేసింది. రాయి చెక్కేవాణ్ణి మాత్రం ఒక్కణ్ణీ అల్లుడిగా రానివ్వలేదు.