మా కోడలు చూసిన మచ్చ

క్రిందటి వారం ఈ పత్రికలో మా కోడలి మరణవార్త రెండు పంక్తులు పడింది. "ఆసుపత్రి నర్సు, అత్తగారిని కన్నతల్లిలా సేవించిన ఇల్లాలు" అని రాశారు. రాసినవారు మంచి ఉద్దేశంతోనే రాసి ఉంటారు గానీ, రెండూ తప్పే. ఆమె నర్సు కాదు. నాకు ఎవరి సేవా గిట్టదు. కాళ్ళు పట్టడానికి వస్తే ముడుచుకునే రకాన్ని. అందులో నిజం, ఆమె పోయిందన్న మాట ఒక్కటే. అదొక్కటీ అబద్ధమై ఉంటే మిగతా రెండింటికీ నోరు మూసుకుని ఉండేదాన్ని.

పదకొండు రోజులు జ్వరం. పన్నెండో నాడు తెల్లవారాక పోయింది.

ఆమె చేసిన పని చెబుతాను. చిత్తూరులో మా ఇంటికి నాలుగు వీధుల అవతల ఆసుపత్రి. అందులో మెట్ల కింద చిన్న గది ఆమెది. తిరుపతి పిల్ల, మద్రాసులో ఒక డాక్టరమ్మ దగ్గర ఏడాది నేర్చుకుని వచ్చింది. వార్డులో ఎవరి ఒంటి మీదనైనా మచ్చ కనిపిస్తే మొద్దు కత్తి, గాజు పలక పట్టుకుని పోయేది. మచ్చ అంచున పొట్టు గీకి, పలక మీద వేసి, పొట్టు కరిగేందుకు పొటాషు నీళ్ళు ఒక చుక్క వదిలి, స్పిరిటు దీపం మీద కాస్త వెచ్చబెట్టి, మైక్రోస్కోపు కింద చూసేది. మధ్యలో గీకితే ఏమీ దొరకదట. తామర అంచునే మేస్తూ పోతుందట. యుద్ధం రోజులు గనక కొత్త పలకలు రాక, ఉన్నవాటినే కడిగి కడిగి వాడేది. మా ఇంట్లో గాజు గ్లాసులు కడగమంటే మూడు పగలగొట్టిన మనిషి, ఆసుపత్రి పలక ఒక్కటీ పగలగొట్టలేదు.

"ఊరి తామరంతా కొంగున కట్టుకోని వస్తా ఉండావు" అనేదాన్ని.

"కొంగుతో రాదత్తా, గోళ్ళతో వస్తాది. సూడు, గోళ్ళు తీసేసినా" అని రెండు చేతులూ నా మొహం ముందు పెట్టేది.

అయినా సాయంత్రం పెరటి వాకిట బిందెడు నీళ్ళు పెట్టేదాన్ని. పోసుకుంటే గానీ లోపలికి రానిచ్చేదాన్ని కాదు. నేను మిషను బడిలో చదివినదాన్ని. చదువుకున్నవాళ్ళం మా భయానికి శుభ్రత అని పేరు పెట్టుకుంటాం.

మధ్యాహ్నం ఆమెకు అన్నం క్యారియరు మోసేది నేనే. కాబట్టి ఇప్పుడు చెప్పబోయేది కళ్ళారా చూసిందే.

పోయిన సంవత్సరం పలమనేరు పక్క పల్లె నుంచి ఒక చిన్నామె కాన్పు తరవాతి జ్వరంతో వార్డులో చేరింది. జ్వరం తగ్గింది గానీ, వీపు మీద అరచేయంత గుండ్రటి మచ్చ బయటపడింది. ఇంట్లోవాళ్ళు అంతకుముందే దాన్ని ఇటుక పొడితో రుద్ది, ఆకు పసరు పూసి, నూనె పట్టించి పంపారు. మా కోడలు గీకి చూస్తే ఏమీ కనపడలేదు. ఆ చిన్నామె అత్త అప్పటికే ఊరంతా పెద్దరోగమని చాటి, నెల దాటిన ఆడబిడ్డను తన దగ్గరే పెట్టుకుంది. డాక్టరుగారు శనివారం దాకా చూద్దామన్నారు. ఆలోగా వేరే ఏదీ తేలకపోతే కుష్ఠు ఆశ్రమానికి చీటీ. ఇక బిడ్డ తల్లి ఒళ్ళోకి రాదు.

సోమవారం నేను క్యారియరుతో వెళ్ళేటప్పటికి మా కోడలు ఆమెను అడుగుతోంది.

"దురద ఉండాదా?"

"లేదమ్మా."

"మంట?"

"లేదమ్మా."

దూదితో మచ్చ మీద తాకించి, "తెలుస్తా ఉండాదా?" అంది.

"లేదమ్మా."

మా కోడలి మొహం పాలిపోయింది. మచ్చ మీద స్పర్శ లేదంటే అది పెద్దరోగానికి గుర్తు. పలక కడిగే నెపంతో వెనక్కు తిరిగింది. ఆ పిల్ల లేచి, వీపు ద్వారబంధానికి ఆనించి, గుంజకు రుద్దుకునే బర్రెలాగా కళ్ళు మూసుకుని రుద్దుకుంది.

"ఏమ్మే, దురద లేదంటివే! ఆ వాకిలి యేం పాపం జేసినాది?" అన్నాను.

మా కోడలు గిరుక్కున తిరిగింది. పిల్ల బావురుమంది.

"మాయత్త జెప్పినాదమ్మా. ఆసుపత్రిలో యేమడిగినా లేదను, ఉండాదంటే పట్టి పెట్టేస్తారు అని."

"అన్నింటికీ లేదంటివి. బిడ్డ ఉండాదా అంటే?" అంది మా కోడలు.

"ఉండాదమ్మా. అది మాత్రం ఉండాది."

మా కోడలు పిల్లచేత కళ్ళు మూయించి మళ్ళీ దూది తాకించింది. తాకినప్పుడల్లా వేలెత్తమంది. ఒక్కసారీ తప్పలేదు. ఆ తరవాత మచ్చకు నూనె, పసరు ఏదీ తగలనివ్వకుండా నాలుగు రోజులు ఆగింది. శుక్రవారానికి అంచు లేచి పొట్టు కట్టింది. గీకి, అరగంట చూసి, నన్ను పిలిచింది. నేనూ ఒంటి కన్ను పెట్టాను. చుక్కలు పెట్టకుండా గీతలే లాగిన ముగ్గులాగా, కొమ్మలు చీలిన సన్నటి పోగులు.

"ఏం రోగమే ఇది?"

"తామరత్తా. ఒట్టి తామర" అని కూర్చుని ఏడ్చింది.

మొదటిసారి నూనె మీదే గీకడం తన తప్పని డాక్టరుగారితో తనే చెప్పుకుంది. ఇంటికొచ్చే దారిలో నాతో అంది: "పేరు పెట్టేదానికి తొందర పడకూడదత్తా. రోగం పోయినా పేరు పోదు."

అందుకే చీటీ రాసి ఊరుకోలేదు. తనే ఆ పిల్లను బస్సులో ఊరికి తీసుకుపోయింది. వీధి వాకిట అందరూ చూస్తుండగా మచ్చ మీద తన అరచేయి ఆనించి, "ఇది పెద్దరోగమైతే నాకూ రానీ. బిడ్డను ఇయ్యండి" అందట. తరవాత సబ్బుతో కడుక్కుందిలెండి. బిడ్డను ఇచ్చారు. మలాముతో మచ్చ రెండు నెలల్లో పోయింది. పోయినా ఆ చిన్నామె ప్రతి నెలా చివరి గురువారం వీపు చూపించుకోవడానికి వస్తూనే ఉంది. మా కోడలు ప్రతిసారీ వెలుతురుకు తిప్పి, లేని మచ్చను శ్రద్ధగా వెతికి, "యేమీ లేదు, పో" అని పంపేది.

మా కోడలికి జ్వరం తగిలిన సాయంత్రం కూడా పెరట్లో బిందె పెట్టాను.

"ఈ పొద్దు చలిగా ఉండాదత్తా" అంది.

"ఊరికి లేని చలి నీకేనా?" అన్నాను.

పోసుకుంది. లోపలికొచ్చి పడుకున్నాక నుదురు తాకితే పెనంలా కాలింది. జ్వరం నా నీళ్ళ వల్ల వచ్చింది కాదని డాక్టరుగారు చెప్పారు. నాకూ తెలుసు. తెలిసినా ఆ బిందెను ఇంతవరకు లోపలికి తేలేదు. పటాలంలో గుమాస్తాగా ఉన్న మా అబ్బాయికి ఉత్తరం అందిందో లేదో తెలియదు. నాలుగేళ్ళ మనుమరాలు పొద్దు వాలగానే పెరటి వాకిట పోయి కూర్చుంటుంది. లెమ్మనడానికి నాకు నోరు రాదు. ఇన్నేళ్ళూ ఎవరినైనా ఏమైనా అనగలిగిన నోరే ఇది.

పాఠకులకు ఒక చిన్న పని చెబుతాను. ఈ నెల చివరి గురువారం పలమనేరు బస్సులో ఆ చిన్నామె వస్తుంది. చదువు రాదు, ఈ పత్రిక ఆమె కంట పడదు. పెట్రోలు లేక బొగ్గుతో ఈడ్చుకుంటూ నడిచే బస్సు గనక పదకొండు దాటాకే దిగుతుంది. చంకలో ఏడాది దాటిన ఆడపిల్ల ఉంటుంది. ఆ పూట బస్సులు ఆగే చోటికి పోయేవారెవరైనా ఆమెను ఆసుపత్రి గేటు దాకా పోనివ్వకండి. అక్కడ కాపలా మనిషి ఒక్క ముక్కలో చెప్పేస్తాడు. మీరూ ఏమీ చెప్పకండి. డాక్టరమ్మ ఇంటికి రమ్మందని (మా కోడలిని ఆమె అలాగే పిలిచేది) మా ఇంటికి తీసుకురండి. ఆ ఒక్క అబద్ధం నా లెక్కలో వేసుకుంటాను. ముందు అన్నం పెడతాను. తరవాత వెలుతురుకు తిప్పి వీపు నేనే చూస్తాను.