దిగేవాళ్ళ వైపు

మా బావ గోళ్ళ చుట్టూ ఎప్పుడూ తెల్లరంగు ఉండేది. ఊళ్ళో సగంమంది ఆయన్ని సున్నపాయన అనేవాళ్ళు. "సున్నం కాదండీ, ఆయిల్ పెయింటు!" అని ఆయన రోషపడేకొద్దీ వాళ్ళకి ఇంకా సరదా. ఆ పేరు మొదట పెట్టింది నేనే. మరదలన్నాక ఆ మాత్రం హక్కు ఉంటుంది.

వయసులో ఉన్నప్పుడు బావ ఇళ్ళ తలుపులకీ కిటికీలకీ రంగులు వేసేవాడు. పని మహా నిదానం. కిటికీ చెక్కని నున్నగా అరగదీస్తే గానీ కుంచె ముట్టేవాడు కాదు. ఈలోగా ఇంటివాళ్ళకి పిచ్చెక్కేది. అందుకని, కొండబాటకి గుర్తులు వేసే మనిషి కావాలని అటవీ ఆఫీసువాళ్ళు అడిగినప్పుడు ఊరంతా ఆయన పేరే చెప్పింది. పీడా పోతుందని కొందరు చెప్పి ఉంటారు. ఆ బాట అడవుల్లోంచి, కొండల మీదుగా ఎంత దూరం పోతుందంటే చివరిదాకా నడిచేవాళ్ళకి నెలలు పడుతుంది. మా ఊరి వంతెన నుంచి కనుమ మీది బస్సు స్టాపు దాకా ఒక రోజు నడక. దాన్ని మజిలీ అంటారు. ఆ ఒక్క మజిలీ బావది.

చెట్టు మీద ఊడే బెరడు గీకి, నిలువుగా తెల్ల పట్టీ వెయ్యాలి. ఒక గుర్తు దగ్గర నిలబడితే తరవాతది కనబడాలి. ఎక్కేవాళ్ళకి కనబడేది దిగేవాళ్ళకి కనబడదు కాబట్టి గుర్తులు రెండు వైపులా ఉండాలి. ఎక్కేవాళ్ళ వైపు బావ వేసేవాడు. దిగేవాళ్ళ వైపు మా అక్కది.

ఏటా వానలు తగ్గాక, నడిచే జనం రాకముందే, వెలిసిన గుర్తులకి మళ్ళీ రంగు పూసేవాళ్ళు. బావ వంతెన దగ్గర మొదలుపెట్టి పైకి వెళ్ళేవాడు. అక్క బస్సులో కనుమకు పోయి అక్కణ్ణుంచి కిందికి దిగేది. సగం దారిలో ఒక బల్లపరుపు బండ ఉంది. దాని మీద ఇద్దరూ కలుసుకుని రొట్టె, ఉడికించిన గుడ్లు తినేవాళ్ళు. తిన్నాక మళ్ళీ ఎవరి దారి వాళ్ళది. ఇంట్లో ఒకరు ఎడ్డెమంటే ఒకరు తెడ్డెమనే మొగుడూ పెళ్ళాలు, ఆ బండ మీద మాత్రం ఒక్క మాట తేడా రాకుండా తినేవాళ్ళట. అక్కే చెప్పింది.

అక్కది ఎడమచేతి వాటం. ఆవిడ వేసిన పట్టీ ఒక్కటీ తిన్నగా ఉండేది కాదు, అన్నీ ఎడమకి ఒరిగేవి.

"నీ గుర్తులు చూస్తే దారి తెలీదే, మెడ పట్టేస్తుంది" అనేవాడు బావ.

"దిగేవాడు ఎలాగూ ఒరిగే దిగుతాడు. వాడికి తిన్నగానే కనపడతాయి, నువ్వు దిగులుపడకు" అనేది అక్క.

మూడేళ్ళ కిందట కూడా అలాగే తిని విడిపోయారు. బండకి కాస్త దిగువన వాగు ఉంది. అక్కడ బాట రెండుగా చీలుతుంది. ఒకటి ఊళ్ళోకి వస్తుంది, ఇంకొకటి లోయలోకి పోయి ఆగిపోతుంది. ఆ చీలిక దగ్గరి చెట్టుకి రంగు వేసి, ఆయాసం వచ్చి, అక్క దాని మొదట్లోనే కూలబడింది. ఎవరో నడిచేవాళ్ళు చూసి మోసుకొచ్చేసరికి ప్రాణం లేదు. ఆ వేళకి బావ అటు వీపు పెట్టి పైకి ఎక్కుతున్నాడు. సాయంత్రం బస్సు దిగాక గానీ ఆయనకి తెలియలేదు. "ఒక్కసారి వెనక్కి తిరిగి చూడాల్సింది" అని ఏడ్చాడు. తిరిగి చూసినా చెట్లే కనబడేవి. ఆ మాట మేమెవరం అనలేకపోయాం.

ఆ తర్వాత రెండు వైపులా తనే వేస్తానని ఆఫీసులో చెప్పాడు. వేస్తున్నాడనే అందరం అనుకున్నాం.

కిందటేడు ఒక అమ్మాయి ఒంటరిగా దిగుతూ వాగు దగ్గర లోయదారి పట్టింది. జారిపడి కాలు విరిగింది. మర్నాటికి గానీ దొరకలేదు. బావ బత్తాయిలు పట్టుకుని ఆసుపత్రికి వెళ్తే నేనూ వెంట వెళ్ళాను.

"గుర్తు కోసం చాలా వెతికాను తాతగారూ. ఎక్కడా కనపళ్ళేదు" అంది ఆ పిల్ల.

బావ సంచీ మంచం పక్కన పెట్టి బయటికి వచ్చేశాడు. ఈ ఏడు సీజన్ మొదలయ్యేలోపల దిగే వైపు గుర్తులు పడకపోతే మజిలీ వేరే మనిషికి ఇచ్చేస్తామని ఆఫీసువాళ్ళు కబురు పెట్టారు.

ఆ కబురు విని నేను నేరుగా బావ ఇంటికి వెళ్ళి అడిగాను. "ఏం బావా, ఎందుకు వెయ్యలేదు?"

"చూద్దాం... మోకాళ్ళు..." అని నీళ్ళు నమిలాడు.

"పైకి ఎక్కడానికి లేని మోకాళ్ళ నొప్పి కిందికి దిగడానికి వచ్చిందా?"

ముందుగదిలో ఎప్పటిలాగే టర్పెంటైన్ వాసన. కిటికీ గూట్లో రెండు డబ్బాలు, రెంటిలోనూ నానేసిన కుంచెలు. ఒకటి బావది. రెండోది అక్కది, పిడికి నీలం గుడ్డ చుట్టి ఉంది. తీసి చూశాను. ఎండిపోయి చెక్కలా ఉంటుందనుకున్నాను. కుచ్చు మెత్తగా ఉంది. మూడేళ్ళుగా ఆయన దానికి టర్పెంటైన్ మారుస్తూనే ఉన్నాడు. అప్పటిదాకా తిడదామని నోటిదాకా వచ్చినవన్నీ మింగేశాను.

"ఆవిడ చేత్తో వేసినవి" అన్నాడు బావ. "వాటి మీద రంగెయ్యమంటే నా చెయ్యి లేవదు."

"ఎవడో ముక్కూమొహం తెలీనివాడొచ్చి వేస్తే ఊరుకుంటావా? పైనుంచి నేనొస్తాను."

"నీకేం వచ్చు?"

"లాడ్జీలో ఇన్నేళ్ళ నుంచీ దుప్పట్లు ఉతుకుతున్నాను. మరకలు వదిలించేదానికి మరక పెట్టడం రాదా?"

ఆయన నవ్వలేదు. కుంచెని నా చేతిలోంచి తీసుకుని, గుడ్డతో తుడిచి, మళ్ళీ నా చేతికే ఇచ్చాడు.

మొదటి బస్సుకి కనుమ చేరాను. అక్క గుర్తులు కొన్ని నాచుపట్టి ఉన్నాయి. కొన్ని చోట్ల బెరడుతో పాటు పొలుసుల్లా రాలిపోయాయి. అయినా ఆ ఒరుగు తెలుస్తూనే ఉంది. బావని మొండివాడనుకున్నాను గానీ, చెట్టు చెట్టు దగ్గరా అక్కని ఇంకోసారి పంపించేస్తున్నట్టే ఉంది. ఏడుస్తూ వేశాను. నా పట్టీలన్నీ తిన్నగా వచ్చాయి, అదొక బాధ.

బండ దగ్గరికి వచ్చేసరికి పొద్దు వాలుతోంది. నేను పట్టుకెళ్ళిన అక్క రంగుడబ్బాకి పిడి వదులు, అడుగు పడ్డప్పుడల్లా కిర్రుమంటుంది. నేను మలుపు తిరగకముందే ఆ చప్పుడు విని బావ లేచి నిలబడ్డాడు. ఆయన మొహంలో వెలుగు నన్ను పోల్చుకునేదాకా ఉంది. తర్వాత మెల్లగా కూర్చున్నాడు. నాకు కోపం రాలేదు.

గుడ్డు ఒలిచి, పచ్చసొన తీసి, చూడకుండానే నా ముందు పెట్టాడు. సొన అక్కకి ఇష్టం, నాకు వెగటు. అయినా తినేశాను.

"వాగు దగ్గర చెట్టు" అన్నాడు కాసేపటికి. "అదొక్కటీ వదిలెయ్యి."

"బావా, ఆ పిల్ల దారి తప్పింది అక్కడే కదా!"

"ఆవిడ ఆఖర్న వేసింది అదే."

"తెలుసు. నాకూ అక్కే."

ఆయన చాలాసేపు గుడ్డు పెంకులు ఏరుతూ కూర్చున్నాడు. ఒక్కటి కూడా బండ మీద మిగల్చలేదు. తర్వాత తన డబ్బాకి మూత బిగించి లేచాడు. పైకి వెళ్ళాల్సిన మనిషి, నా ముందు కిందికి దిగడం మొదలుపెట్టాడు. అన్నేళ్ళలో ఆ బాట ఆయన దిగడం అదే మొదలు.

వాగు దగ్గరి చెట్టు మీద గుర్తు చాలావరకు పోయింది. పైన వేలెడు తెలుపు మాత్రం మిగిలింది. బావ దాన్ని బొటనవేలితో తడిమాడు. చెట్టు మొదట్లో నేలకేసి చూశాడు. తర్వాత చెయ్యి చాపితే అక్క కుంచె ఇచ్చాను. కుడిచేత్తో రంగులో ముంచి, చెట్టు దాకా తీసుకెళ్ళి ఆగిపోయాడు. కుంచె ఎడమచేతికి మార్చుకున్నాడు.

రంగు మోచేతి దాకా కారింది. పట్టీ వంకరటింకరగా వచ్చింది, ఒకచోట లావు, ఒకచోట సన్నం. ఎడమకి ఒరిగింది గానీ అక్క గీతలా మాత్రం లేదు. బావ రెండడుగులు వెనక్కి వేసి చూశాడు.

"కుదర్లేదే" అన్నాడు. గొంతు చిన్నపిల్లాడిలా ఉంది.

"కుదరదు బావా."

"దిగేవాళ్ళకి కనపడుతుందా?"

నేను బండ వైపు కాస్త ఎక్కి వెనక్కి తిరిగాను. చెట్టు మీద పట్టీ, దాని పక్కన చేతుల నిండా తెల్లరంగుతో బావ, రెండూ కనబడుతున్నాయి.

"కనపడుతోంది" అని కేకేశాను.

ఆయన తల ఊపి, అక్క కూలబడిన చోటే కూర్చుని, రంగు ఆరేదాకా లేవలేదు.