చూసినంతే రాసిన మామ

నా చిన్నప్పుడు పక్కింటి అక్కను చూస్తే నాకు ఒళ్లు మండేది. నాకంటే కొంచెమే పెద్ద. అయినా పోలీసు ఠాణాలో ఫిర్యాదులు రాసుకునే రైటరుగా పనిచేసే మా మేనమామ ఏ సంగతైనా నన్ను వదిలేసి ఆమెనే అడిగేవాడు.

ఒక సంత రోజు మేమిద్దరం మామకు అన్నం తీసుకుని పెబ్బేరు ఠాణాకు వెళ్లాం. అక్కడ ఒక రైతు ఏడుస్తున్నాడు. సంతకు తెచ్చిన అతని ఎద్దు కనబడకుండా పోయింది. అలంపూర్ వైపు నుంచి వచ్చే ముసలి పశువుల బేరగాడే దొంగిలించాడని జనం ఆయన్ను రెక్కలు పట్టి లాక్కొచ్చారు. ఆయన చొక్కా అప్పటికే చిరిగి ఉంది.

మేమూ సంత మీదుగానే వచ్చాం కాబట్టి ఏమైనా చూశారా అని మామ అడిగాడు. అక్క కంటే ముందు నేనే నోరు తెరిచాను.

"ఈ తాతనే తోలుకపోయిండు మామా."

"నువ్వు చూసినవా?"

"అందరూ అంటున్నరు."

మామ కలం కదలలేదు. అక్క వైపు తిరిగాడు. ఆమె నెమ్మదిగా చెప్పింది.

"తెల్లెద్దు. ఒక కొమ్ము వంకర. మెడల తెగిన పలుపు ఏలాడుతుండె. వనపర్తి తోవల పోతుండె. ఎవరన్న తోలినరా, తెల్వదు."

మామ అన్నీ రాసుకున్నాడు, ఆ 'తెల్వదు'తో సహా. తర్వాత తాను రాసిన రైతు ఫిర్యాదు చదివి వినిపించాడు. అందులో 'దొంగిలించాడు' అని లేదు. 'ఎద్దు కనబడలేదు, ఇతని మీద అనుమానం' అని ఉంది. రైతు గొణిగాడు. "నువ్వు కండ్లతోని చూడనిది నేనెట్ల రాస్త?" అన్నాడు మామ.

నాకు అదేమీ పట్టలేదు. అక్క మాట కాగితం మీదికి ఎక్కింది, నాది ఎక్కలేదు. ఇల్లు చేరేదాకా ఆమెకు పది అడుగులు ముందే నడిచాను.

పొద్దు గుంకకముందే ఎద్దు దొరికింది. వనపర్తి దారిలో ఒక చేనులో పడి మేస్తుంటే చేనువాళ్లు కట్టేశారు. వెతకబోయిన పోలీసు కొమ్ము, పలుపు చూసి అదేనని పోల్చుకున్నాడు. బేరగాణ్ని వదిలేశారు. ఆయన మామ వెంట మా వాకిట్లోకి వచ్చి, అక్కడే ఉన్న అక్క తల మీద చెయ్యి పెట్టి ఏడ్చాడు. నేను గుమ్మం పక్కన నిలబడి ఆ చేతినే చూస్తున్నాను. మామ నా దగ్గరికి వచ్చాడు.

"నీ మాట రాసుంటే ఈయన ఇయ్యాల జైల్ల ఉంటుండె బిడ్డా," అన్నాడు. తిట్టలేదు.

ఇప్పుడు నాకు మనవరాళ్లున్నారు. ఎవరి గురించి ఏ మాట నోటిదాకా వచ్చినా, ఇది చూసిందా విన్నదా అని ముందు నన్ను నేనే అడుగుతాను. అక్క గద్వాలలో ఉంటుంది. పెళ్లిళ్లలో కలుస్తుంటాం. తెలియని సంగతి అడిగితే తెలియదని ఆమె తడుముకోకుండా చెప్పేస్తుంది. నాకు మాత్రం ఆ మాట అనేముందు ఇప్పటికీ నాలుక ఒక్క క్షణం ఆగుతుంది. అందుకే ఆమె మీద నా అసూయ ఇంకా చావలేదు.