తువ్వాలు కింద సైదా చెయ్యి

మా తమ్ముడు సైదాకు పుట్టుకతోనే వినపడదు, మాట రాదు. ముప్పై ఏళ్ళు వచ్చేదాకా నరసరావుపేటలో మా తాళ్ళ కొట్టు వెనక కూర్చుని పలుపులూ పగ్గాలూ పేనేవాడు. అమ్మడం, బేరమాడటం, వచ్చినవాళ్ళతో మాట్లాడటం అంతా నాది. ఎనభైల్లో ఒక వేసవిలో వాడు ఒంటెద్దు బండి కట్టుకుని బస్టాండు నుంచి కొట్లకు సరుకు తోలతానని పట్టుబట్టాడు. రెండు వేళ్ళు కొమ్ముల్లా నెత్తిన పెట్టుకోవడం, తర్వాత అరచేత్తో తన గుండె తట్టుకోవడం. వారం రోజులు అన్నం దగ్గర కూడా ఇదే సైగ. పాత బండి ఒకటి అప్పటికే చూసిపెట్టుకున్నాడు. ఇక ఎద్దు కావాలి. అలా మొదలైంది మా మాచర్ల సంత ప్రయాణం. ఇంట్లో ఇలాంటి మనిషి ఉండి, వాళ్ళను వెంటబెట్టుకుని ఏదైనా పని మీద బయల్దేరబోయేవాళ్ళ కోసం ఇది రాస్తున్నాను.

బయల్దేరేముందు అమ్మ నన్ను పక్కకు పిలిచింది. "ఒరేయ్ మస్తానూ, ఎనకమాల లారీ వస్తే వాడికెట్టా ఇనపడుద్దిరా? ఎద్దూ వద్దు గిద్దూ వద్దు. ఏదో ఒకటి చెప్పి వట్టి చేతుల్తో తీసుకురా." నిజం చెప్పాలంటే నా మనసులోనూ అదే ఉంది. సంత అంతా తిప్పి, ఒక్క ఎద్దూ బాగాలేదని తేల్చి, సాయంత్రానికి వాణ్ణి మళ్ళీ కొట్టు వెనక కూర్చోబెట్టాలి.

తెల్లవారి ఐదున్నర బస్సెక్కాం. మాచర్లకు పిడుగురాళ్ళ, గురజాల, రెంటచింతల మీదుగా మూడు గంటలు పైనే పట్టేది, మనిషికి పది రూపాయల లోపే టిక్కెట్టు. అలవాటుగా నేను "రెండు మాచర్ల" అన్నాను. సైదా నా చెయ్యి పక్కకు నెట్టి తన పది నోటు కండక్టరుకు చాపాడు. కండక్టరు నవ్వి, "ఆయన టిక్కెట్టు ఆయన తీసుకుంటుంటే నీకేంది బాబాయ్ తొందర?" అన్నాడు.

పిడుగురాళ్ళలో సున్నపు బట్టీల దుమ్ముకు బస్సులో అందరం ముక్కులు మూసుకున్నాం. గురజాలలో పది నిమిషాలు ఆపితే దిగి ఇడ్లీ తిన్నాం. వడ్డించే ఆవిడ గరిటె ఎత్తి నన్నడిగింది, "ఆయనకు కారప్పచ్చడి ఎయ్యనా?" వద్దన్నాను. సైదా ఆకు ముందుకు జరిపి, గరిటె నిండా వేయమని వేలితో చూపించాడు. "అడగాల్సింది నిన్ను కాదులేయ్యా," అందావిడ.

తొమ్మిదింటికల్లా సంతలో ఉన్నాం. ఎండ అప్పటికే నెత్తిన కూర్చుంది. నేను మాకు తెలిసిన దళారి ఒకాయన్ని పట్టుకుని ఎద్దుల పళ్ళూ గిట్టలూ చూడటం మొదలుపెట్టాను, ప్రతిదానికీ ఒక వంక వెతకడానికి. సైదా మాత్రం పళ్ళ జోలికే పోలేదు. ఒక్కో ఎద్దు ముందు నిలబడి దాని మొహంలోకి చూడటం, నన్ను దాని వెనక్కి వెళ్ళి చప్పట్లు కొట్టమనడం. బెదిరే గుణం ఉందేమో చూస్తున్నాడనుకున్నాను. మంచి తెల్లెద్దు ఒకటి రాయిలా నిలబడింది, కదల్లేదు. సైదా తల అడ్డంగా ఊపి ముందుకు నడిచాడు. దళారికి విసుగొచ్చింది. "ఏంది సాయిబూ, మీ తమ్ముడు ఎద్దును కొంటాడా, నీతో కచేరీ పెట్టిస్తాడా?"

ఆరోదో ఏడోదో, ఎర్రెద్దు. పొట్టిది, ఒక కొమ్ము మొన విరిగింది. నేను చప్పట్లు కొట్టగానే దాని చెవులు రెండూ టక్కున వెనక్కి తిరిగాయి. సైదా మొహం వెలిగిపోయింది.

ధర పక్కవాళ్ళకు తెలియకుండా తువ్వాలు కప్పి, దాని కింద ఒకరి వేళ్ళు ఒకరు పట్టుకుని బేరం చేయడం సంతలో రివాజు. ఎన్ని వేళ్ళు పడితే ఎంతో వాళ్ళకో లెక్కుంది. ఎద్దుగలాయన, దుర్గి ఊరి రైతు, తువ్వాలు పరిచాడు. బేరం చెడగొట్టడానికి ఇదే సమయమని నేను చెయ్యి దూర్చాను. సైదా దాన్ని బయటికి లాగేసి తన చెయ్యి పెట్టాడు.

"ఈ లెక్క వాడికి తెలియదు," అన్నాను.

"తెలియకపోవడమేంది? పిండేస్తన్నాడు నన్ను," అన్నాడు రైతు.

పలుపుల కోసం మా కొట్టుకొచ్చే పశువుల దళారులు పని లేనప్పుడు వాడితో తువ్వాలు కప్పుకుని ఆడుతుండేవాళ్ళు. తమాషాకనుకున్నాను ఇన్నేళ్ళూ. మా దళారి నా భుజం పట్టి కూర్చోబెట్టాడు. "ఈ బేరంలో నోరున్నోడూ లేనోడూ ఒకటే సాయిబూ. నువ్వు చానా మాట్లాడావు, ఇక కూసో." కాసేపటికి రైతు నవ్వుతూ తువ్వాలు దులిపాడు. సైదా నడుముకు కట్టుకున్న సంచి విప్పి, నాకు వీపు తిప్పి డబ్బిచ్చాడు.

లారీలో వేద్దామన్నాను. వాడు రెండు వేళ్ళు నడిపించి చూపాడు, నడిచే వస్తానని. మా దారిలోనే ఉండే నకరికల్లు రైతులిద్దరు తమ ఎద్దుల్ని తోలుకుపోతున్నారు. "మాతో వస్తాళ్ళే అన్నా. దార్లో రెండు రాత్రులు పండుకుంటాం. నువ్వు బస్సెక్కు," అన్నారు. వాళ్ళు ముందే కదిలారు. నాలుగింటి బస్సులో డ్రైవరు వెనక సీటు పట్టుకుని నేను రోడ్డు వైపే చూస్తూ కూర్చున్నాను. అమ్మకేం చెప్పాలా అని ఒకటే గుబులు.

రెంటచింతల ఇంకా రాకముందే కనిపించారు. ముందు రైతులు, వెనక రోడ్డు మధ్యన ఎర్రెద్దు, దాని మెడ పక్కన సైదా. డ్రైవరు హారన్ కొట్టాడు. నేను సీట్లోంచి లేచాను. ఎర్రెద్దు చెవులు టక్కున వెనక్కి తిరిగాయి. వాటి మీదే చూపు పెట్టి నడుస్తున్న సైదా తల తిప్పకుండానే పగ్గం లాగి ఎద్దును మార్జిన్‌లోకి దించాడు. పొద్దున నాతో చప్పట్లెందుకు కొట్టించాడో అప్పుడర్థమైంది.

"చూడండి, ఆ ఎర్రెద్దాయన ఒక్క హారన్‌కి దారిచ్చాడు," అన్నాడు డ్రైవరు. "ముందున్న ఇద్దరికీ చెవుల్లేవా ఏంది?"

"ఆయన మా తమ్ముడు," అన్నాను.

మూడో రోజు పొద్దున వాడు ఎద్దును తోలుకుని మా బజారులోకి వస్తుంటే అమ్మ ఎదురెళ్ళింది. ఆ బండి చానా ఏళ్ళు నడిచింది. బస్టాండు కొట్లవాళ్ళంతా వాడితో సైగల్లోనే మాట్లాడటం నేర్చుకున్నారు, నన్ను మధ్యలో పిలవడం మానేశారు. మొదట్లో కాస్త చిన్నబోయాను, దాచడమెందుకు. లారీ గురించి మా అందరికంటే ముందే, మా అందరికంటే ఎక్కువగా ఆలోచించింది వాడే. మేం భయపడుతూ కూర్చున్నాం, వాడు ఉపాయం వెతుక్కున్నాడు. ఎద్దు ఎంతకొచ్చిందని ఎప్పుడడిగినా తువ్వాలు తీసి చేతి మీద కప్పుకుని నవ్వేవాడు. నాకు ఈరోజుకీ తెలియదు.

ఒక్క సలహా. బస్సు వేళలు, ఛార్జీలు ఇప్పుడు మారాయి, స్టాండులో అడిగి తెలుసుకోండి. కానీ అడగడం, టిక్కెట్టు తీసుకోవడం మీ వెంట వచ్చే మనిషి చేతే చేయించండి, ఆలస్యమైనా సరే. ఒక బస్సు పోతే ఇంకోటి వస్తుంది.