ఆ తొట్టిలోని నీళ్లు

మా తమ్ముడు మంగళవారం పొద్దున పోయాడు. జిన్నారం వెళ్లే ఫ్యాక్టరీ బస్సులో, కిటికీ పక్క సీట్లో. దిగేటప్పుడు పక్కాయన భుజం తట్టి లేపబోతే తెలిసింది. నలభై ఏడేళ్లు. అంతకు గంట ముందే నాకు ఫోన్ చేసి, "అక్కా, పూజ అయినంక జెర కాల్ చెయ్యి" అన్నాడు. పూజ అయ్యాక చేశాను. ఎత్తింది వేరే గొంతు. ఆ గొంతు చెప్పిన మాట ఇప్పటికీ నా తలకెక్కడం లేదు. నాతో ఏం చెప్పాలనుకున్నాడో!

పటాన్‌చెరులో మీలో కొందరు అతన్ని చూసే ఉంటారు. మందుల ఫ్యాక్టరీలో నీళ్లు పరీక్షించే ఉద్యోగం. అతని ప్రాణం మాత్రం ఇంటి వెనక గదిలో ఉండేది. అక్కడొక గాజు తొట్టి, అందులో జానెడు చేప. లోపలి ముల్లు కూడా కనబడేంత పలచన. జువాలజీ చదివే రోజుల్లో దాని మెదడు మీద పరిశోధన చెయ్యాలనుకున్నాడు. ఇంటి పరిస్థితి కుదరనివ్వలేదు. చేపను మాత్రం వదల్లేదు.

ఒకరోజు నన్ను పిలిచి రెండు తీగలు నీళ్లలో ముంచి, స్పీకరుకు కలిపాడు. గంట కొట్టడం ఆగాక మిగిలే మోతలాంటిది వినిపించింది.

"కరెంటక్కా. తోకలకెళ్లి వదుల్తది. చీకట్ల దాంతోనే దారి సూస్కుంటది."

"షాక్ కొడ్తదారా?"

"నీ కోపమంత లేదు, భయపడకు."

మెదడు అడుగున ఉన్న కాసిని కణాలు ఆ లయ కొడతాయట. బతికినంత కాలం ఆపవట.

మరోసారి దుకాణంలో అడిగి, ఒక్క పూటకని రెండో చేపను తెచ్చి అందులో వదిలాడు. రెండు మోతలూ కలిసి గొంతు వణికినట్టయింది. మోతలు అంత దగ్గరైతే రెండు చేపలకీ దారి మసకబారుతుందట. క్షణాల్లో ఒక మోత పై శ్రుతికి, ఒకటి కింది శ్రుతికి జరిగాయి.

"ఎవరు తగ్గాల్నో వాటికి ఎవరు చెప్తరురా?"

"ఆడ పెద్దక్క ఉండదక్కా" అని నవ్వాడు. "మెదడుల శాన కణాలుంటయి. కొన్ని పెంచుమంటయి, కొన్ని తగ్గించుమంటయి. ఎటు బలముంటే చేప అటు జరుగుతది. ఒక్కటి గూడ హుకుం జెయ్యది."

ఎవరికి తగలాలో వాళ్లకే తగిలింది.

మా బోరు నీళ్లు ఆ చేపకు పడవు. వాన నీళ్లు పట్టి, వడగట్టి, క్యాన్లలో నిలవ పెట్టేవాడు.

అతన్ని తీసుకెళ్లాక ఇల్లు కడిగారు. చావు జరిగిన ఇంట్లో నీళ్లన్నీ పారబొయ్యడం మా ఆచారం. నాన్న పోయినప్పుడు ఆఖరి చెంబు దాకా నేనే ఒంపాను. ఈసారి గడప దగ్గర కూర్చుండిపోయాను. ఎంతసేపో తెలియదు. లేచి చూస్తే పెరట్లో క్యాన్లన్నీ ఖాళీ. వెనక గదిలో మా మేనత్త బకెట్టు పట్టుకుని తొట్టి ముందు నిలబడింది.

"అత్తమ్మా, ఆగు."

"మైల నీళ్లు బిడ్డా. ఒక్క సుక్క ఉండొద్దు. నీకు తెల్వదా?"

"తెలుసు. ఇవి పోతే దానికి వేరే నీళ్లు లెవ్వు. సస్తది."

"చేప కోసం ఆచారం తప్పుతవా? నువ్వా?"

ఆమె అడిగింది న్యాయమే. నేనెన్నడూ తప్పలేదు. కళ్లు మూసుకుని దేవుణ్ని తలుచుకున్నాను.

"పాపం నాకే రానియ్యి అత్తమ్మా. ఈ ఇంట్ల ఇంకో ప్రాణం పోవద్దు."

అత్తమ్మ బకెట్టు కింద పెట్టింది. తొట్టిలోకి వంగి చూసింది.

"ఏం తింటది ఇది?"

"పురుగులు. ఫ్రిజ్‌ల పెట్టిండు."

"నా కర్మ!" అంటూ కొంగుతో ముక్కు మూసుకుంది. నేను తెచ్చిన, గడ్డకట్టిన ఎర్ర పురుగుల ముక్కను రెండు వేళ్లతో పట్టి నీళ్లలో ముంచింది. చేప తను దాక్కునే గొట్టంలోంచి బయటికొచ్చింది. తోక ముందుకు పెట్టి, వెనక్కి వెనక్కి ఈదుతూ ఆమె వేళ్ల చుట్టూ మెల్లగా తిరిగింది.

పురుగులు విడిపోయి అడుగుకు జారాయి. అత్తమ్మ చెయ్యి మాత్రం నీళ్లలోనే ఉంది.