కప్పు ఊపిన రోజు

మా ముత్తాత గోదావరి ఒడ్డున ఒక వరస ఊళ్ళకు దేశ్‌ముఖ్. ఆయన గడి ముందు నుంచి పోయేవాళ్ళు చెప్పులు చేతపట్టుకుని నడిచేవారట. మా తాత మేనాలో తిరిగాడు, ఉర్దూలో దావాలు నడిపాడు, పరాయి ఇంట మంచినీళ్ళు కూడా ముట్టలేదు. మా నాన్న కాలానికి మేనాకు చెదలు పట్టింది గాని ఆయన నడుము వంగలేదు. వారసత్వంగా నాకు దక్కింది ఆ నడుమే. దాన్ని నిటారుగా మోసుకుంటూ ఒమాన్ వచ్చి, నిజ్వాలో ఒక ప్రైవేటు కాలేజీలో ఇంగ్లీషు చెబుతున్నాను. మొన్న శుక్రవారం పొద్దున మేకల సంతకు వెళ్ళాను. కొనడానికి కాదు. అక్కడ కొనేవాళ్ళు గుండ్రంగా కూర్చుంటే, అమ్మేవాళ్ళు మేకలను పట్టుకుని వాళ్ళ మధ్య తిరుగుతూ ధర అరుస్తారు. మనుషులు కూర్చుని ఉండగా ఆస్తి చుట్టూ తిరగడం చూస్తే నాకెందుకో మా ఇల్లు గుర్తొస్తుంది. ఆ తిరిగేవాళ్ళలో ఒకతను పొగరుబోతు పోతును లాగుతున్నాడు. తాడు కోసుకోకుండా చేతులకు తొడుగులు వేసుకున్నాడు. పచ్చటివి, అరచేతుల దగ్గర అరిగిపోయినవి. ఫుట్‌బాల్ గోల్‌కీపర్లు వేసుకునేవి. చేతులను బట్టే మనిషిని గుర్తుపట్టాను.

కొన్నేళ్ళ కిందట అతను మా కాలేజీ జట్టు గోల్‌కీపర్. బహ్లా వైపు ఖర్జూరపు తోటల కుటుంబం. జట్టులో ఉన్నందుకు ఫీజు మాఫీ, లేకపోతే చదువు లేదు. నేను ఆ జట్టుకు మేనేజర్ని. ఫుట్‌బాల్ గురించి నాకు తెలిసింది బంతి గుండ్రంగా ఉంటుందన్న సంగతి వరకే. అయితే కాలేజీలో ఏ బాధ్యతకూ మనిషి దొరక్కపోతే ఇంగ్లీషు మాస్టారుకు అంటగట్టడం ఆనవాయితీ. ఆ ఏడు మా జట్టు ఓడిన తీరు చెప్పుకోదగ్గది కాదు. ముందు వరస వాళ్ళు వెనక వరసను తిట్టేవారు, వెనక వరస మధ్య వరసను, అందరూ కలిసి గోల్‌కీపర్ని. బంతి వలలో పడేటప్పుడు పక్కన కనిపించేది అతనొక్కడే కదా. చివరికి డీన్ గారు కోచ్‌ని పిలిచి, ఈ ఓటములకు కారకుడెవరో ఒక్క పేరు ఇవ్వండి, తీసేద్దాం అన్నారు. ఆ పేరు ఎవరిదో అందరికీ తెలుసు.

ఒక్క పేరు అడగడం నాకు కొత్త కాదు. మా ఇంట్లో దావాలు పెదనాయన చూసేవాడు, పొలాలు నాన్న, బియ్యం మిల్లు చిన్నాయన. మూడూ ఒక్కసారే మునిగాయి. పెదనాయన ఓడిపోయే దావాలకు పొలం అమ్మించాడు. నాన్న కౌలు అడగడం నామోషీ అనుకున్నాడు. కానీ వాకిట్లో పంచాయితీ కూర్చున్న రోజు ఇద్దరూ మిల్లు వైపే వేలు చూపించారు. చిన్నాయన లేచాడు. కండువా దులిపి భుజాన వేసుకుని వెళ్ళిపోయాడు. తరువాత నిజామాబాద్‌లో అద్దె గదిలో పోయాడని కబురు వచ్చింది.

కోచ్ బహ్లా మనిషి, పెద్దవాడు. డీన్‌కు పేరు ఇవ్వలేదు. ఆ సాయంత్రం మైదానం పక్కన చాప పరిపించి, కాఫీ కూజా, ఖర్జూరాలు తెప్పించాడు. ఇక్కడి మర్యాద ప్రకారం కూజా ఎడమచేత పట్టి, కప్పు కుడిచేత్తో అందిస్తారు. కుడివైపు నుంచి మొదలుపెట్టి వరసగా తిప్పుతారు. చిట్టి కప్పు. తాగినవాడు చాలనుకుంటే కప్పును వేళ్ళ మధ్య ఊపి తిరిగి ఇస్తాడు. ఊపినవాడికి మళ్ళీ పొయ్యకూడదు, ఎందుకని అడగకూడదు. కోచ్ దీనికి తన నియమం ఒకటి కలిపాడు. కప్పు చేతిలో ఉన్నవాడు తన వంతు తప్పు చెప్పాలి, ఇంకొకరి ఊసు ఎత్తకూడదు, చెప్పేదాకా కప్పు ఊపకూడదు. "మేనేజర్, డ్రైవర్ కూడా జట్టే. కూర్చో ఉస్తాద్" అన్నాడు నాతో.

మా వంశంలో మగవాడు నలుగురితో కలిసి నేల మీద కూర్చున్నది పితృకార్యాలకే. మోకాళ్ళు విరుచుకుని కూర్చున్నాను. నాకు కుడివైపున బస్సు డ్రైవర్. మా తాలూకా మనిషే. వాళ్ళ తాత మా తాత మేనా మోసినవాడు. ఆ సంగతి ఇద్దరం ఎప్పుడూ ఎత్తలేదు, ఎప్పుడూ మరువలేదు. ముందు వరస వాళ్ళు బంతి పోయాక వెనక్కి పరుగెత్తడం లేదని ఒప్పుకున్నారు. వెనక వరస వాళ్ళు కార్నర్ వచ్చినప్పుడు మనుషులను వదిలేసి బంతిని చూస్తున్నామన్నారు. మధ్య వరసలో ఒకడు పరీక్షలో కాపీ కొట్టి దొరికినవాడిలా తల దించుకుని, అలసిపోయినా మార్చమని అడగలేదన్నాడు. కప్పు డ్రైవర్ చేతికి వచ్చింది.

"నాది గూడ ఉంది దొరా" అన్నాడు నావైపు తిరిగి. "మొన్న మ్యాచ్‌కు పోంగ దోస్తు కలిస్తె చాయ్‌కి బండి ఆపిన. పిలగాండ్లకు కాళ్ళు సాపుకునే టైం గూడ లేకపాయె. గిది మీరే సారుకు చెప్పుండ్రి, నా అరబ్బీకి ఆయన నవ్వుతడు."

నేను ఇంగ్లీషులో చెప్పాను. కోచ్ నవ్వకుండా తలూపి, కప్పు కడిగి నింపి నాకందించాడు. నేను ఒక క్షణం ఆగి ఉంటాను. డ్రైవర్ కళ్ళు నా చేతి మీదే ఉన్నాయి.

"కడిగే ఇచ్చిండు దొరా, తాగుండ్రి" అన్నాడు మెల్లగా.

తాగాను. మైదానంలో సగం కార్ల పార్కింగ్‌కు పోయినా, సాయంత్రం కాగానే దీపాలు ఆర్పేస్తున్నా, మేనేజర్‌గా డీన్‌ను ఒక్కసారైనా అడగలేదని చెప్పాను. అడగడం మా ఇంట్లో లేదు. డ్రైవర్ చాప అంచు సర్దుతూ, "అడుగుడు మా ఇండ్లళ్ల ఉండె దొరా, మాకు చెప్తె అయిపోతుండె" అన్నాడు. కప్పు చివర కూర్చున్న గోల్‌కీపర్ దాకా పోకముందే దీపాలు ఆర్పేశారు, చాప చుట్టేశాం.

తరువాతి మ్యాచ్ అల్ ఖౌద్‌లో. మేము గెలవలేదు. కానీ ఆట ముగిసే ముందు మా ముందు వరస కుర్రవాడు మైదానమంతా వెనక్కి పరుగెత్తి, గోల్‌కీపర్‌ను దాటిన బంతిని గీత మీద తన్నేశాడు. సమానంగా ముగిసింది. తిరుగు ప్రయాణంలో పాటలతో బస్సు దద్దరిల్లింది. డ్రైవర్ ఎక్కడా ఆపలేదు.

ఆ ఊపులోనే కోచ్ డీన్ గారిని చాప మీదికి పిలిచాడు. ఆయనా జట్టులో ఒక భాగమే, ఆయన వంతూ ఆయనే చెబుతాడని కోచ్ నమ్మకం. డీన్ గారు బూట్లు విప్పి, హుందాగా కూర్చున్నారు. ఆయనకు అవతల, అందరికంటే చివర గోల్‌కీపర్. వరసగా అందరూ మళ్ళీ చెప్పారు. ఈసారి ఇంకా నిజాయితీగా, పెద్దమనిషి ముందు కూర్చున్నామన్న నమ్మకంతో. కప్పు డీన్ గారికి చేరింది. మైదానం వైపు చూశారు. అవతలి సగంలో కార్లు మెరుస్తున్నాయి. కాఫీ తాగారు, బాగుందన్నారు, కప్పు ఊపి ఇచ్చేశారు. ఆయనే మాట్లాడతారేమోనని కోచ్ కూజా పట్టుకుని అలాగే నిలబడ్డాడు. ఊపినవాడిని అడగడం కోచ్ పుట్టిన ఊళ్ళో లేదు.

"ఒక్కడి తప్పు కాదని మీరే ఒప్పుకున్నారు. ఒక్కడినే తీసేయడం అన్యాయం" అన్నారు డీన్ గారు. చాప మీద ఊపిరి వదిలిన చప్పుడు నాకు వినబడింది. గోల్‌కీపర్ అరచేతుల్లో ముఖం దాచుకున్నాడు. డీన్ గారు బూట్లు తొడుక్కుంటూ మాట పూర్తిచేశారు. "అందుకని జట్టునే రద్దు చేద్దాం. కారణాలు మీ నోటితోనే విన్నాను."

ఈసారీ కప్పు చివరి మనిషి దాకా వెళ్ళనే లేదు. జట్టుతో పాటు ఫీజు మాఫీ పోయింది. కోచ్ బహ్లా వెళ్ళిపోయాడు. డ్రైవర్‌ను వేరే సైట్‌కు పంపారు. పోతూ వాడు నాకు దండం పెట్టలేదు, చేయి కలిపాడు. నా నడుము నిటారుగా ఉన్నందుకు కాబోలు, నా ఉద్యోగం ఉంది.

మొన్న సంతలో పోతు అమ్ముడుపోయాక గోల్‌కీపర్ నన్ను గోడ నీడకు తీసుకెళ్ళి, ఫ్లాస్కులోంచి కాఫీ పోశాడు. ఇంట్లో వాళ్ళ క్షేమం అడిగాడు, నేను అడిగాను. తరువాత తనకూ పోసుకుని, కప్పు వైపు చూస్తూ అన్నాడు.

"ఉస్తాద్, నా వంతు మిగిలిపోయింది."

"ఇప్పుడెందుకు" అన్నాను.

"కార్నర్‌కు బంతి పైకి లేచినప్పుడు, 'నాది, వదలండి' అని అరిచేవాణ్ణి. వాళ్ళు నన్ను నమ్మి వదిలేసేవాళ్ళు. నేను గీత దాటి వచ్చేవాణ్ణి కాదు. భయం." కాఫీ తాగి, కప్పు ఊపి, నేల మీద పెట్టాడు. ముఖం తేలికపడింది.

ఆ తేలికను నేను ఓర్చుకోలేకపోయాను. చిన్నాయన ఏ ముఖంతో పోయాడో మేమెవరం చూడలేదు. మా వాకిట్లో ఒక్కరూ ఒప్పుకోలేదు, ఇల్లు పోయింది. ఆ చాప మీద కప్పు అందినవాళ్ళలో ఒక్కరు తప్ప అందరూ ఒప్పుకున్నారు, జట్టు పోయింది. ఒప్పుకున్నవాళ్ళను కాలం కాస్త ఆగి దయగా చూస్తుందని ఎవరు చెప్పారో గాని, నేను చూసిన కాలం ఎవరి కోసమూ ఆగలేదు.

గోల్ స్తంభాలను, వలలను తుక్కు కొనేవాడికి అమ్మారు. మా గడి పెద్ద తలుపులను హైదరాబాద్‌లో ఒక హోటల్‌కు అమ్మాం.